యూనిట్ 9: పక్షిసదృశ డైనోసార్లు, క్రిటేషియస్ సరీసృపాలు – గోదావరి తీరం నుంచి ఒక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• డైనోసార్లకూ, వాటి కాలంలోనే జీవించిన ఇతర సరీసృపాలకూ గల తేడాను చెప్పగలుగుతారు.
• పక్షులు డైనోసార్ల వంశానికి చెందినవనడానికి శిలాజ ఆధారాలను వివరించగలుగుతారు.
• భారతదేశంలో, తెలుగు ప్రాంతాల్లో లభించిన ముఖ్య శిలాజాలను వాటి కాలంతో సహా గుర్తించగలుగుతారు.
• క్రిటేషియస్ యుగాంతాన్ని అర్థం చేసుకోవడంలో రాజమండ్రి లావా పొరల ప్రాధాన్యాన్ని విశ్లేషించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

కడియం పేరు వినగానే మీకు గుర్తుకు వచ్చేవి నర్సరీలు. కడియం, కడియపులంక దారిలో వెళ్తూ ఒక నర్సరీలోకి అడుగుపెట్టండి. గులాబీలు, మందారాలు, మామిడి అంట్ల మధ్య మూడు రకాల మొక్కలు తప్పక కనిపిస్తాయి. ఒకటి, చిన్న తాటిచెట్టులా ఉండే సైకస్. రెండోది, క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియా. మూడోది, నీడలో పెంచే ఫెర్న్. ఈ మూడు వంశాలూ డైనోసార్ల కాలం నాటికే భూమి మీద ఉన్నాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. సైకస్‌ను చూసి 'ఇది డైనోసార్లు తిన్న మొక్క' అనుకోవడం పొరపాటు. వంశం పాతదే అయినా, నేడు మనం చూసే సైకస్ జాతుల్లో ఎక్కువ భాగం డైనోసార్లు అంతరించిన చాలా కాలానికి ఏర్పడినవే. ఈ తేడా ఈ యూనిట్ మొత్తానికీ వర్తిస్తుంది. వాకిట్లో గింజలు ఏరుకుంటున్న కోడి కూడా పాత వంశానికి చెందిన కొత్త జీవి. ఆ వంశం పేరు డైనోసార్లు. ఈ మాట ఏ ఆధారంతో చెబుతున్నామో, ఆ ఆధారాలు ఎంత గట్టివో తెలుసుకోవడమే ఈ యూనిట్ ఉద్దేశం.

9.2 కడియం నేల కింద ఏముంది?

కడియంలో బావి తవ్వితే డైనోసార్ ఎముక దొరుకుతుందా? దొరకదు. కారణం తెలిస్తే శిలాజశాస్త్రంలో సగం పాఠం తెలిసినట్లే.

కడియం గోదావరి డెల్టా ముఖద్వారం వద్ద, ధవళేశ్వరం దిగువన ఉంది. ఇక్కడి పైమట్టి నది వరదలతో తెచ్చి వేసిన ఒండ్రు. డెల్టాలోని ఈ ఒండ్రు గత కొన్ని వేల సంవత్సరాల్లో పేరుకున్నది. డైనోసార్ల యుగం ముగిసి 6.6 కోట్ల సంవత్సరాలు అయింది. కాబట్టి ఈ మట్టిలో ఎముక దొరికితే అది ఎద్దుదో, గేదెదో, మరే జంతువుదో కావచ్చు. డైనోసార్‌ది మాత్రం కాదు. ఏ శిలాజం ఎక్కడ దొరకవచ్చునో ముందుగా నిర్ణయించేది ఆ చోటి పొర వయసే.

డెల్టా నుంచి ఉత్తరంగా నడిస్తే నేల ఎత్తవుతుంది, రంగు మారుతుంది. ధవళేశ్వరం, రాజమండ్రి మెరకల్లో కనిపించే ఎర్రని ఇసుకరాయిని భూవిజ్ఞానులు రాజమండ్రి ఇసుకరాయి అంటారు. ఇది ఒండ్రు కంటే చాలా పాతది, కాని డైనోసార్ల కంటే చాలా కొత్తది.

చమురు కోసం ఓఎన్‌జీసీ కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్విన లోతైన బావుల వల్ల డెల్టా అడుగున ఉన్న పొరలు బయటపడ్డాయి. ఆ పొరల పేర్లు మీకు ఊళ్ల పేర్లుగా పరిచయమైనవే. పైనుంచి కిందికి వెళ్తే పాశర్లపూడి, పాలకొల్లు, రాజోలు, తిరుపతి, రాఘవాపురం అనే ప్రధాన పొరలు వరుసగా వస్తాయి. వీటిలో 'రాజోలు' అనేది గడ్డకట్టిన లావా పొర. దానికి కింద ఉన్న తిరుపతి ఇసుకరాయి, రాఘవాపురం షేల్ క్రిటేషియస్ యుగానికి చెందినవి. ఇక్కడ తిరుపతి అంటే వెంకటేశ్వరస్వామి కొలువైన తిరుమల కింది పట్టణం కాదు. చిన్నతిరుపతిగా పిలిచే ద్వారకా తిరుమల ప్రాంతం.

రాఘవాపురం షేల్ ఏలూరు జిల్లా మెరక ప్రాంతాల్లో నేల పైకి కూడా కనిపిస్తుంది. అందులో టైలోఫిల్లం అనే మొక్క ఆకుల ముద్రలతో పాటు సముద్రజీవులైన అమ్మొనైట్ల గుల్లలు కూడా లభించాయి. టైలోఫిల్లం ఆకు సైకస్ ఆకును పోలి ఉంటుంది, అయితే అది అంతరించిపోయిన వేరొక మొక్కల వర్గం. ఆకులూ, సముద్రపు గుల్లలూ ఒకే పొరలో ఉన్నాయంటే అది ఒకప్పుడు తీరప్రాంతమని అర్థం. అంటే క్రిటేషియస్ యుగంలో కూడా ఇది తీరమే.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని రాసుకొని, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
కడియం పైమట్టిలో డైనోసార్ శిలాజం ఎందుకు దొరకదు?

9.3 ఏది డైనోసార్, ఏది కాదు?

క్రిటేషియస్ యుగం సుమారు 14.5 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసింది. ఆ కాలపు పెద్ద సరీసృపాలన్నింటినీ డైనోసార్లు అనడం వాడుకలో ఉంది. శాస్త్రం దీన్ని అంగీకరించదు.

డైనోసార్ల ముఖ్య లక్షణం కాళ్ల అమరిక. బల్లి కాళ్లు శరీరానికి పక్కలకు చాచి ఉంటాయి. డైనోసార్ కాళ్లు స్తంభాల్లా శరీరం కిందికి నిటారుగా ఉంటాయి. దీనికి అనుగుణంగా తుంటి ఎముకలో తొడ ఎముక ఇమిడే గుంట, అడుగు మూసి లేకుండా, రంధ్రంలా తెరిచి ఉంటుంది. ఒక తుంటి ఎముక దొరికితే చాలు, ఆ జీవి డైనోసారో కాదో శాస్త్రజ్ఞులు చాలావరకు చెప్పగలరు.

ఈ కొలబద్ద ప్రకారం చూస్తే, చర్మపు రెక్కలతో ఎగిరిన టెరోసార్లు డైనోసార్లు కావు. వాటికి దగ్గరి బంధువులు మాత్రమే. సముద్రంలో ఈదిన ఇక్తియోసార్లు, ప్లీసియోసార్లు, మోససార్లు కూడా డైనోసార్లు కావు. తమిళనాడులోని అరియలూరు-తిరుచిరాపల్లి ప్రాంతపు క్రిటేషియస్ పొరల్లో ఇక్తియోసార్ శిలాజాలు లభించాయి. అవి సముద్ర సరీసృపాలే గాని డైనోసార్లు కావు. మొసళ్లది కూడా వేరే శాఖ.

మరోవైపు, ఈ కొలబద్దతోనే కోడిని కొలవండి. కాళ్లు శరీరం కిందికి నిటారుగా ఉన్నాయి. తుంటి గుంట తెరిచే ఉంది. కాబట్టి కోడి ఆ వర్గంలోకి వస్తుంది.

9.4 పక్షి–డైనోసార్ సంబంధం: ఆధారాల చరిత్ర

9.4.1 మొదటి శిలాజం, మొదటి సందేహం

1861లో జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో ఆర్కియోప్టెరిక్స్ శిలాజం బయటపడింది. దీని వయసు సుమారు 15 కోట్ల సంవత్సరాలు. దీనికి పక్షిలాగా ఈకలు ఉన్నాయి. సరీసృపంలాగా దంతాలు, ఎముకలతో కూడిన పొడవైన తోక, రెక్కల మీద గోళ్లు కూడా ఉన్నాయి. అదే ప్రాంతంలో దొరికిన కాంప్సోగ్నాథస్ అనే చిన్న డైనోసార్‌తో దీన్ని పోల్చిన థామస్ హక్స్‌లీ, పక్షులు డైనోసార్లకు దగ్గరివని 1868లో వాదించాడు.

ఈ వాదానికి 1926లో అడ్డు వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన గెర్హార్డ్ హైల్మాన్ పక్షుల పుట్టుకపై రాసిన గ్రంథంలో ఒక ప్రశ్న వేశాడు. పక్షులకు రెండు జత్రుకలు కలిసి ఏర్పడిన ఒక ఎముక ఉంటుంది. డైనోసార్లలో జత్రుకలు కనబడడం లేదు. ఒకసారి పోయిన ఎముక తిరిగి ఎలా వస్తుంది? కాబట్టి డైనోసార్లు పక్షుల పూర్వీకులు కావని ఆయన నిర్ణయించాడు. పోలికలన్నీ ఉన్నా ఒక్క ఎముక లేదన్న కారణంతో ఆ అభిప్రాయం దశాబ్దాల పాటు నిలిచింది. తరువాతి కాలంలో అనేక మాంసాహార డైనోసార్లలో ఆ ఎముక దొరికింది. అది నాజూకైనది కావడం వల్ల చాలా శిలాజాల్లో నిలవలేదు. నిలిచినచోట వేరే ఎముకగా పొరబడ్డారు. 'దొరకలేదు' అన్న మాటకూ 'లేదు' అన్న మాటకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ ఉదంతం మనకు నేర్పుతుంది.

9.4.2 డైనోనికస్ నుంచి ఈకల డైనోసార్ల వరకు

1964లో అమెరికాలోని మోంటానాలో జాన్ ఆస్ట్రమ్ బృందానికి డైనోనికస్ శిలాజాలు దొరికాయి. 1969లో ఆయన దాన్ని వర్ణించాడు. ఇది చురుకుగా పరుగెత్తి వేటాడే జంతువని దాని ఎముకలు చెప్పాయి. దాని ముంజేతి ఎముకలు ఆర్కియోప్టెరిక్స్ ముంజేతిని దాదాపు అచ్చుగుద్దినట్లు ఉన్నాయని గమనించి, ఆస్ట్రమ్ హక్స్‌లీ వాదాన్ని తిరిగి నిలబెట్టాడు.

1996లో చైనాలోని లియావోనింగ్ రాష్ట్రం నుంచి సైనోసారోప్టెరిక్స్ ప్రపంచానికి పరిచయమైంది. అది ఎగరలేని చిన్న డైనోసార్, అయినా దాని వెన్ను పొడవునా నూగు వంటి ఈకలు ఉన్నాయి. ఆ తరువాత ఈకలున్న డైనోసార్లు పదుల సంఖ్యలో వచ్చాయి. 2003లో వర్ణించిన మైక్రోరాప్టర్‌కు చేతులకే కాక కాళ్లకు కూడా పొడవైన ఈకలున్నాయి. 2007లో వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకునే బొడిపెలను గుర్తించారు. 2010లో శిలాజ ఈకల్లోని వర్ణకణాలను సూక్ష్మదర్శినితో పరిశీలించి, సైనోసారోప్టెరిక్స్ తోక మీద ఎర్రగోధుమ చారలు ఉండేవని చెప్పారు.

ఈకలు ఎగరడం కోసం పుట్టలేదని వీటితో తేలింది. మొదట అవి శరీరాన్ని వెచ్చగా ఉంచడానికో, తోటి జీవులకు కనబడడానికో ఉపయోగపడి, తరువాత ఎగరడానికి పనికి వచ్చాయి.

9.4.3 ఎముకలు దాటి ప్రవర్తన వరకు

పక్షి పోలిక శరీరంతో ఆగలేదు. మంగోలియాలోని గోబీ ఎడారిలో ఒక ఓవిరాప్టర్ వర్గపు డైనోసార్ గుడ్ల గూటి మీద చేతులు చాచి కూర్చున్న భంగిమలోనే శిలాజమై దొరికిన విషయాన్ని 1995లో ప్రకటించారు. పొదిగే కోడి కూర్చునే తీరు అదే. 2004లో చైనా నుంచి మెయ్ లాంగ్ అనే చిన్న డైనోసార్‌ను వర్ణించారు. ఇది కాళ్లు ముడుచుకొని, తలను చేతి కిందికి తిప్పి, నిద్రిస్తున్న పక్షి భంగిమలో ఉంది. ఇది ట్రూడాంటిడ్ అనే కుటుంబానికి చెందినది. ఈ పేరును గుర్తుంచుకోండి. భారతదేశంతో దీనికి సంబంధం ఉంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
హైల్మాన్ అభ్యంతరం ఏమిటి? అది ఎందుకు నిలవలేదు?

9.5 భారతదేశపు ఆధారాలు

9.5.1 తెలుగు ప్రాంతంలో

హైదరాబాద్‌లోని బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన పెద్ద అస్థిపంజరాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. అది కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. గోదావరి లోయలో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకల ఆధారంగా భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టాడు. పరీక్షల్లో విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు దీన్ని క్రిటేషియస్ జంతువుగా రాయడం. ఇది జురాసిక్ యుగానికి చెందిన కోట పొరల నుంచి వచ్చింది. పైగా పొడవైన మెడ గల శాకాహారి. పక్షులకు దారితీసిన శాఖకు చెందినది కాదు.

క్రిటేషియస్ చివరి కాలానికి తెలంగాణలోని ముఖ్య స్థలం వికారాబాద్ సమీపంలోని నస్కల్. లావా పొరల మధ్య చిక్కుకున్న అవక్షేపాన్ని జల్లెడ పట్టి కడిగి, జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని మిల్లీమీటర్ల పరిమాణంలోని దంతాలను కనుగొన్నారు. 1988లో ప్రకటించిన ఈ జీవి డెక్కనోలెస్టిస్, భారతదేశంలో గుర్తించిన మొదటి క్రిటేషియస్ క్షీరదం. కంటికి ఆనని ఒక పన్ను ఒక దేశపు జీవచరిత్రలో కొత్త అధ్యాయాన్ని తెరిచింది.

9.5.2 లమేటా పొరలు

దక్కన్ లావాకు అడుగున, మధ్యభారతంలో విస్తరించిన అవక్షేప పొరలను లమేటా పొరలు అంటారు. 1828లో జబల్పూర్ దగ్గర స్లీమన్ అనే బ్రిటిష్ అధికారికి ఇక్కడ ఎముకలు దొరికాయి. 1877లో లిడెక్కర్ వీటికి టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. గుజరాత్‌లోని రహియోలీ నుంచి లభించిన మాంసాహారి రాజాసారస్ నర్మదెన్సిస్‌కు 2003లో పేరు పెట్టారు. దీని దగ్గరి బంధువు మడగాస్కర్‌లో ఉంది. భారత ఖండం ఒకప్పుడు ఆ ద్వీపంతో కలిసి ఉండేదన్న దానికి ఇదొక సాక్ష్యం.

లమేటా పొరల ప్రత్యేకత గుడ్లు. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లను, 256 గుడ్లను గుర్తించినట్లు 2023లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. అదే ప్రాంతం నుంచి 2022లో మరో వింత వెలుగు చూసింది: ఒక టైటనోసార్ గుడ్డులో ఇంకొక గుడ్డు. కోళ్లు పెంచేవారికి ఇది కొత్త కాదు. గుడ్డు బయటికి రావలసినది వెనక్కి మళ్లి, మీద ఇంకొక పెంకు ఏర్పడితే, పెద్ద గుడ్డులో చిన్న గుడ్డు కనిపిస్తుంది. పక్షుల్లో అరుదుగా జరిగే ఈ లోపం పక్షి శాఖకు చెందని పెద్ద డైనోసార్లలోనూ జరిగిందంటే, వాటి గుడ్లు ఏర్పడే తీరు పక్షుల తీరుకు దగ్గరగా ఉండి ఉండవచ్చునని పరిశోధకులు సూచించారు.

సనాజె ఇండికస్ కథ కూడా తెలుసుకోదగినది. గుజరాత్‌లో 1980లలో డి.ఎం. మొహబే ఒక డైనోసార్ గూటిని సేకరించాడు. అందులోని ఎముకలన్నీ పిల్ల డైనోసార్‌వేనని మొదట భావించారు. 2001లో జెఫ్రీ విల్సన్ అదే రాయిని మళ్లీ చూసి, కొన్ని వెన్నుపూసలు పామువని గుర్తించాడు. 2010లో పూర్తి వర్ణన వచ్చింది. దాదాపు 3.5 మీటర్ల పాము, నలిగిన గుడ్డు చుట్టూ చుట్టుకొని, పక్కనే అర మీటరు పొడవున్న పిల్ల డైనోసార్‌తో సహా మట్టిలో కూరుకుపోయింది. కొత్త ఆవిష్కరణకు ఎప్పుడూ కొత్త తవ్వకమే అక్కరలేదు. పాత రాయిని కొత్త కళ్లతో చూసినా చాలు.

9.5.3 ఒక్క పన్ను ఎంత చెప్పగలదు?

ఇప్పుడు ట్రూడాంటిడ్‌ల దగ్గరికి వద్దాం. పక్షులకు అతి దగ్గరి డైనోసార్ కుటుంబాల్లో ఇదొకటి. వీటి శిలాజాలు అంతకుముందు ఉత్తరార్ధ గోళపు ఖండాల నుంచే తెలుసు. 2013లో తమిళనాడులోని అరియలూరు దగ్గర కల్లమేడు పొరల నుంచి ఒక పన్నును ట్రూడాంటిడ్‌దిగా ప్రకటించారు. దక్షిణ ఖండసముదాయమైన గోండ్వానా నుంచి ఈ కుటుంబం గురించిన మొదటి నివేదిక అదే.

పన్ను అంచున ఉండే గాట్ల పరిమాణం, వంపు, సంఖ్య ఆధారంగా కుటుంబాన్ని నిర్ణయిస్తారు. ట్రూడాంటిడ్ పన్ను గాట్లు పెద్దవిగా, కొనవైపు వంగి ఉంటాయి. అయినా ఒక్క పన్ను మీద ఎంత బరువు పెట్టవచ్చు? ఒకే రకం ఆహారం తినే వేర్వేరు జంతువులకు ఒకే రకం పళ్లు రావచ్చు. కల్లమేడు నుంచే మొసలి వంశానికి చెందిన ఒక జీవి పన్ను కూడా దొరికింది. అది మడగాస్కర్‌లోని సైమోసూకస్‌ను పోలినది. కాబట్టి విద్యార్థిగా మీరు రాయవలసిన వాక్యం ఇలా ఉండాలి: 'కల్లమేడు పన్ను ట్రూడాంటిడ్‌ల ఉనికిని సూచిస్తున్నది, పుర్రె లేదా ఇతర ఎముకలు లభిస్తే అది స్థిరపడుతుంది.' 'భారతదేశంలో ట్రూడాంటిడ్‌లు తిరిగేవి' అని రాస్తే అది ఆధారాన్ని మించిన మాట అవుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 3
కోటాసారస్ ఏ యుగానికి చెందినది? అది పక్షిసదృశ డైనోసారా?

9.6 రాజమండ్రి లావా: ఒక యుగాంతపు పొర

డైనోసార్ ఎముక దొరకకపోయినా, డైనోసార్ల కాలం ముగిసిన క్షణానికి ప్రపంచంలో ముఖ్యమైన సాక్ష్యాల్లో ఒకటి కడియం పరిసరాల్లోనే ఉంది.

రాజమండ్రిని ఆనుకొని ఉన్న కాతేరు దగ్గర, గోదావరికి అవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు దగ్గర నల్లరాయి క్వారీలు ఉన్నాయి. అక్కడ కంకర కోసం కొట్టే ఆ నల్లరాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. ఈ పొరలకు రాజమండ్రి ట్రాప్స్ అని పేరు. వీటి రసాయన కూర్పు పశ్చిమ కనుమల్లోని దక్కన్ లావా కూర్పుతో సరిపోలుతున్నది. 2008లో స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు, ఈ లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రాచీన నదీలోయల వెంట ప్రవహించి ఈ తీరానికి చేరిందని ప్రతిపాదించారు. అదే నిజమైతే భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి చేరతాయి.

క్వారీ గోడను నిలువుగా చూడండి. కింద ఒక నల్లని లావా. దాని మీద కొన్ని మీటర్ల మందంలో లేతరంగు సున్నపురాయి, బంకమట్టి, అందులో గుల్లలు. దాని మీద మళ్లీ నల్లని లావా. రెండు లావాల మధ్య పేరుకున్న ఈ పొరను అంతర్‌ట్రాప్ పొర అంటారు. మొదటి లావా వచ్చి చల్లారాక, రెండోది రాకముందు, ఇక్కడ తీరపు నీళ్లలో జీవం కొనసాగిందన్నమాట. 1830ల నుంచే ఈ గుల్లల గురించి రాతలు ఉన్నాయి. కాని వాటి వయసు మీద చర్చ వంద సంవత్సరాలకు పైగా సాగింది. బీర్బల్ సాహ్ని వంటి వృక్షశిలాజ శాస్త్రజ్ఞుడు దక్కన్ లావా క్రిటేషియస్ తరువాతిదని 1934లో వాదించాడు.

ఈ చర్చకు సమాధానం ఇచ్చినవి ఫొరామినిఫెరాలు. ఇవి ఇసుక రేణువంత గుల్లలు గల ఏకకణ సముద్రజీవులు. వీటి జాతులు త్వరగా మారతాయి, సముద్రమంతటా వ్యాపిస్తాయి. అందువల్ల ఒక పొరలో ఏ జాతులున్నాయో చూస్తే దాని కాలాన్ని సన్నగా చెప్పవచ్చు. 2008లో గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల్లోని అంతర్‌ట్రాప్ పొరలను పరిశీలించింది. కింది లావాకు సరిగ్గా పైన, క్రిటేషియస్ తరువాతి తొట్టతొలి కాలపు చిన్న జాతులు కనిపించాయి. అంటే కింది లావా యుగాంతానికి దగ్గరలో ముగిసింది. అంతర్‌ట్రాప్ పొర డైనోసార్లు లేని కొత్త లోకంలో ఏర్పడింది.

ఇదే బృందం 2011లో, ఓఎన్‌జీసీ తవ్విన 11 లోతైన బావుల నమూనాలను వివరించింది. వాటిలో నాలుగు మహాప్రవాహాలు సముద్ర అవక్షేపాల మధ్య కనిపించాయి. మొదటి ప్రవాహానికి ముందే ఫొరామినిఫెరా జాతులు దాదాపు సగానికి తగ్గాయని, దాని తరువాత మిగిలిన వాటిలో మళ్లీ సగం పోయి 7, 8 జాతులే నిలిచాయని, తరువాతి ప్రవాహాల మధ్య అవి కోలుకోలేదని వారు చెప్పారు. డైనోసార్లు ఎలా పోయాయో రాజోలు కింది రాయి నేరుగా చెప్పదు. కాని అదే సమయంలో సముద్రం ఎలా కుంగిందో చెబుతుంది.

9.7 తేలని ప్రశ్న: ఉల్కా, లావానా?

1980లో లూయీ ఆల్వారెజ్, వాల్టర్ ఆల్వారెజ్ బృందం, యుగాంతపు సన్నని మట్టిపొరలో ఇరిడియం అసాధారణంగా ఎక్కువ ఉందని చూపింది. భూమి పైపొరలో అరుదైన ఈ లోహం ఉల్కల్లో ఎక్కువ. తరువాత మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం వద్ద సుమారు 180 కిలోమీటర్ల వ్యాసం గల చిక్షులూబ్ గుంట గుర్తించబడింది. అత్యధిక శాస్త్రజ్ఞులు ఈ ఉల్కాపాతాన్నే ముఖ్యకారణంగా అంగీకరిస్తున్నారు.

అయితే దక్కన్ లావా పాత్ర ఎంత? లావాతో పాటు వెలువడిన బొగ్గుపులుసు వాయువు, గంధక వాయువులు వాతావరణాన్ని మార్చగలవు. ఎప్పుడు, ఎంత వెలువడ్డాయన్నదే ప్రశ్న. 2019 ఫిబ్రవరిలో సైన్స్ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాల పత్రాలను ప్రచురించింది. రెండూ లావా వయసును వేర్వేరు రేడియోధార్మిక పద్ధతులతో కొలిచాయి. యుగాంతానికి ముందే ఒక పెద్ద విస్ఫోటన దశ ఉందని ఒక బృందం చెప్పింది. లావాలో ఎక్కువ భాగం యుగాంతం తరువాతే వచ్చిందని మరొక బృందం చెప్పింది. రెండూ జాగ్రత్తగా చేసిన కొలతలే. పరీక్షలో మీరు ఒక పక్షాన్ని ఎంచుకోనక్కరలేదు. ఏ పక్షం ఏ ఆధారం మీద నిలబడిందో స్పష్టంగా రాయండి.

మిగిలింది ఎవరు? పక్షుల్లో కూడా చాలా వర్గాలు అంతరించాయి. దంతాలున్న పక్షులు నిలవలేదు. బెల్జియం నుంచి 2020లో వర్ణించిన ఆస్టెరియోర్నిస్ అనే శిలాజం యుగాంతానికి కొద్ది కాలం ముందరిది. కోళ్లు, బాతుల వంశానికి దగ్గరిది. చిన్న శరీరం, నేల మీద బతికే అలవాటు, ముక్కుతో గింజలు ఏరుకునే సామర్థ్యం కొన్ని పక్షులను కాపాడి ఉండవచ్చునన్నది ఒక ఊహ. అడవులు నశించిన నేలలో గింజలు మాత్రం మట్టిలో మిగులుతాయి కదా.

9.8 ప్రయోగాత్మక పరిశీలన

ఈ పరిశీలనకు ప్రయోగశాల అక్కరలేదు.

1. కోడి పాదాన్ని చూడండి. ముందుకు మూడు వేళ్లు, వెనుకకు ఒకటి, పొలుసుల చర్మం. మాంసాహార డైనోసార్ల పాదముద్రలు సాధారణంగా మూడు వేళ్లవే. సంక్రాంతికి పందెం కోడి నడకను గమనించే గోదావరి విద్యార్థికి ఈ పాదాన్ని వర్ణించడం కష్టం కాదు.

2. కోడి కూర వండేముందు మెడ అడుగున, రొమ్ము ముందర సన్నని రెండు కొమ్మల ఎముక కోసం వెదకండి. హైల్మాన్ 'డైనోసార్లలో లేదు' అన్న ఎముక అదే.

3. రెక్క పైఎముకను విరిచి చూడండి. లోపల బోలుగా, గాలి నిండేలా ఉంటుంది. మేక ఎముకను విరిస్తే బోలులో మూలుగు ఉంటుంది. మాంసాహార డైనోసార్ల వెన్నుపూసల్లో కూడా గాలి గదులు ఉండేవి.

4. మీరు రాజమండ్రి పరిసరాల్లో ఉంటే, అనుమతి తీసుకొని, పని ఆగిన రోజున, గోడకు దూరంగా నిలబడి క్వారీలోని పొరలను గీయండి. గోడ ఎక్కవద్దు. గుల్ల కనబడితే దాన్ని పెకలించే ముందు ఫొటో తీసి, ఏ లావాకు పైన, ఎంత ఎత్తున ఉందో రాయండి.

చివరి సూచన ముఖ్యమైనది. పొర తెలియని శిలాజం అడ్రసు లేని ఉత్తరం వంటిది. కోటాసారస్ అయినా, నస్కల్ పన్ను అయినా విలువ పొందినది ఎక్కడ, ఏ పొరలో దొరికిందో తెలియడం వల్లనే. నల్లరాయి రోడ్లకూ ఇళ్లకూ అవసరం; ఆ పని ఆగదు. కాని కంకరగా మారే ప్రతి లారీ రాయితో పాటు మధ్యనున్న తెల్లపొర కూడా కొంత పోతుంది. అది మళ్లీ ఏర్పడదు. దగ్గరలో ఉన్న విద్యార్థి వేసిన ఒక కొలత, ఒక బొమ్మ, ఆ పొర పోయిన తరువాత మిగిలే ఏకైక నమోదు కావచ్చు.

9.9 సారాంశం

డైనోసార్లను గుర్తించేది పరిమాణం కాదు, తుంటి, కాళ్ల అమరిక. టెరోసార్లు, ఇక్తియోసార్లు, మోససార్లు డైనోసార్లు కావు. పక్షులు డైనోసార్ల వంశానికి చెందినవే. జత్రుక, ముంజేయి, ఈకలు, గుడ్లు పొదిగే భంగిమ, నిద్ర భంగిమ దీనికి ఆధారాలు. భారతదేశంలో లమేటా పొరలు గుడ్లకు, కల్లమేడు పక్షిసదృశ డైనోసార్‌ను సూచించే ఒక పన్నుకు, నస్కల్ క్రిటేషియస్ క్షీరదానికి ప్రసిద్ధి. కోటాసారస్ జురాసిక్ జంతువు. రాజమండ్రి లావా పొరలు, వాటి మధ్య సముద్ర శిలాజాలు క్రిటేషియస్ యుగాంతానికి సాక్ష్యాలు. ఉల్క, లావాల పాత్రల నిష్పత్తిపై పరిశోధన కొనసాగుతున్నది.

9.10 పదకోశం

అంతర్‌ట్రాప్ పొర: రెండు లావా ప్రవాహాల మధ్య విరామంలో పేరుకున్న అవక్షేపం.
జత్రుక: మెడ కింద, భుజాన్ని రొమ్ముతో కలిపే ఎముక.
ఫొరామినిఫెరా: గుల్ల గల ఏకకణ సముద్రజీవులు, పొరల కాలనిర్ణయానికి ఉపయోగపడతాయి.
గోండ్వానా: దక్షిణ ఖండాలు, భారతదేశం ఒకప్పుడు కలిసి ఉన్న మహాఖండం.

9.11 మీ అవగాహనను పరీక్షించుకోండి – సమాధానాలు

1. అది గత కొన్ని వేల సంవత్సరాల ఒండ్రు; డైనోసార్లు 6.6 కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించాయి.
2. డైనోసార్లకు జత్రుకలు లేవన్నది అభ్యంతరం. తరువాత అనేక మాంసాహార డైనోసార్లలో ఆ ఎముక దొరికింది.
3. జురాసిక్ యుగం. కాదు, పొడవైన మెడ గల శాకాహారుల శాఖకు చెందినది.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పక్షులు డైనోసార్ల వంశానికి చెందినవనడానికి ఆధారాలను కాలక్రమంలో వివరించండి.
2. క్రిటేషియస్ యుగాంతాన్ని అర్థం చేసుకోవడంలో రాజమండ్రి ట్రాప్స్ ప్రాధాన్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కల్లమేడు పన్ను ఆధారంగా ఏమి చెప్పవచ్చు, ఏమి చెప్పకూడదు?
2. సనాజె ఇండికస్ శిలాజం పరిశోధనా పద్ధతి గురించి ఏమి నేర్పుతుంది?
3. మీ ఊరి నేల ఏ పొరకు చెందినదో తెలుసుకొని, అందులో ఏ కాలపు శిలాజాలు లభించే అవకాశం ఉందో రాయండి.